ఎలుగుబంటి తరఫున అర్జీ ఎట్లా రాయాలి?

అమెరికాలో నల్ల ఎలుగుల ట్రోఫీ వేట మీద పోయిన నెల ఈ పేజీలో నాలుగు లైన్ల వార్త వేశాం. ట్రోఫీ వేట అంటే ఆకలికీ కాక, ప్రాణభయానికీ కాక, తలో తోలో గోడకు తగిలించుకునేందుకు చంపడం. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగం అమెరికాలో పిల్లలున్న ఇళ్ల నుంచి, సగం నల్లమల అంచు ఊళ్ల నుంచి. వాటిలో కొన్నింటికి జవాబులివి.

ప్ర: మా అబ్బాయి న్యూజెర్సీల ఉంటడు, హెచ్‌1బీ మీద పోయిండు. వాళ్ల ఇంటెనకకు ఎలుగు వచ్చిపోతుంటదట. డిసెంబర్‌ల దాన్ని కాల్చనిస్తరని తెలిసి వాడికి అన్నం సయించలే. ఆన్‌లైన్‌ల ఏదో పిటిషన్ మీద సంతకం పెట్టిండు. ఓటు లేనోడు ఇంకేమన్న చేయొచ్చా? వీసాకు తిప్పలు రాదు గద?
— ఒక తల్లి, మిర్యాలగూడ

జ: చేయొచ్చమ్మా. ప్రభుత్వ ప్రతిపాదన మీద అభిప్రాయం రాయడానికి అక్కడ పౌరసత్వం అడగరు. పేరు, ఊరు రాస్తే చాలు. రెండు పనులకు మాత్రం దూరంగా ఉండమనండి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు ఎన్నికల్లో నిలబడ్డవాళ్లకు చందా ఇవ్వకూడదు (గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లు ఇవ్వొచ్చు). అడవిలోకి పోయి వేటగాళ్లకు అడ్డం పడటం మొత్తం 50 రాష్ట్రాల్లోనూ నేరం. డప్పు కొట్టి ఎలుగును తరిమేసినా కేసే. కేసంటూ అయితే అప్పుడు వీసాకు తిప్పలే.

ఇక ఆ సంతకం సంగతి. ప్రైవేటు వెబ్‌సైట్లలో పెట్టే సంతకాలు ప్రభుత్వ రికార్డులోకి వాటంతటవి ఎక్కవు. పనికొచ్చే చోటు వేరే ఉంది. న్యూజెర్సీలో వేట నిబంధనలు రాసేది ఫిష్ అండ్ గేమ్ కౌన్సిల్. అందులో 11 మంది సభ్యులు. ఆరుగురు వేటగాళ్ల సంఘాలు సూచించినవాళ్లు, ముగ్గురు రైతులు. ఎలుగు పక్షాన మాట్లాడేవాళ్లకు అక్కడ ఎంత చోటుందో మీరే లెక్కేసుకోండి. డబ్బు ఎటు నుంచి వస్తుందో కూడా చూడాలి. 1937 నాటి చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను వసూలై రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పోతుంది.

అయితే తాళం చెవి కౌన్సిల్ ఒక్కదాని చేతిలోనే లేదు. పర్యావరణ శాఖ కమిషనర్ ఆమోదించిన ఎలుగుల విధానం లేకుండా వేట జరపడానికి వీల్లేదని 2005లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కమిషనర్‌ను నియమించేది గవర్నర్. అందుకే అక్కడి ఉద్యమం కౌన్సిల్ గుమ్మం దగ్గర ఆగకుండా గవర్నర్ ఆఫీసు దాకా నడిచింది. 2018లో గవర్నర్ ప్రభుత్వ భూముల్లో ఎలుగుల వేట ఆపారు. 2020 తర్వాత విధానం గడువు తీరి వేట పూర్తిగా ఆగింది. ఫిర్యాదులు పెరిగాయంటూ అదే గవర్నర్ హయాంలో 2022 డిసెంబర్‌లో మళ్లీ మొదలైంది. గెలిచాం కదా అని ఇంటికి పోతే ఇట్లాగే అవుతుంది.

కొత్త నిబంధన ప్రతిపాదన రాష్ట్ర గెజిట్‌లో అచ్చయ్యాక కనీసం 30 రోజులు జనం అభిప్రాయాలు తీసుకోవాలి. వచ్చిన ప్రతి అంశానికీ శాఖ రాతలో జవాబు చెప్పాలి. మెలిక ఇక్కడే ఉంది: వెయ్యి మంది ఒకే నమూనా ఉత్తరం పంపితే వెయ్యింటికీ కలిపి ఒకటే జవాబు. మీ అబ్బాయి నమూనా పక్కన పెట్టి ఒక్క పేజీ సొంతంగా రాయాలి. పైన ప్రతిపాదన సంఖ్య, కింద తన ఊరు, మధ్యలో తప్పించుకోలేని ప్రశ్న ఒకటి. ఉదాహరణకు ఇట్లా:

"75 పౌండ్ల లోపు పిల్లను గానీ, అట్లాంటి పిల్లతో తిరిగే తల్లిని గానీ చంపకూడదని మీ నిబంధన. తల్లి మేస్తుంటే పిల్లలు చెట్టు మీద ఉంటాయి. వేటగాడి కంట్లో పడేది తల్లి ఒక్కటే. చనిపోయిన ఆడ ఎలుగుల్లో పాలిచ్చేవి ఎన్నో ఏటేటా ప్రకటిస్తారా? ప్రకటించకపోతే ఈ నిబంధన అమలైందని ఎట్లా తెలుస్తుంది?"

75 పౌండ్లంటే సుమారు 34 కిలోలు. తుపాకీ గొట్టం వెనక నుంచి చూస్తూ 34 కిలోలో 30 కిలోలో తూచగలిగేవాడు ఎవడూ లేడు, ఆ ముక్క కూడా రాయమనండి. "దయచేసి అమాయక ప్రాణులను చంపకండి" అన్న వాక్యం మాత్రం కొట్టేయమనండి. మంచి మాటే, కానీ దానికి శాఖ జవాబు "ధన్యవాదాలు" దగ్గరే ఆగుతుంది. "ట్రోఫీ" మాట కూడా చూసి వాడాలి. మేం మాంసం తింటాం అని అక్కడి వేటగాళ్లు అంటారు, కొందరు నిజంగానే తింటారు. "సరదా వేట" అని రాస్తే ఆ వాదన మొదలవదు.

ప్ర: వాళ్లు చెప్పే నల్ల ఎలుగు, మన గుట్టల మీద తిరిగేది ఒకటేనా? మనదీ నల్లగనే ఉంటది గద.
— దేవరకొండ

జ: కాదు. అమెరికా నల్ల ఎలుగు ఒకటి, హిమాలయాల నల్ల ఎలుగు ఇంకొకటి, మన గుడ్డెలుగు మూడోది. మనదానికి పై దవడ ముందుపళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి పుట్టలోని చెదల్ని గట్టిగా పీలుస్తుంది, ఆ చప్పుడు రాత్రిపూట చాలా దూరం వినిపిస్తుంది. పిల్లల్ని వీపు మీద మోసుకు తిరుగుతుంది. మన చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జంతువు, అంటే పులితో సమానం.

ఇంకో తేడా గుర్తుపెట్టుకోండి. అమెరికా నల్ల ఎలుగులు 8, 9 లక్షలు ఉంటాయని అంచనా. "అంతరించిపోతున్న నల్ల ఎలుగును కాపాడండి" అని అర్జీ మొదలుపెడితే మొదటి లైనుకే చెత్తబుట్ట. ముప్పున్న జాతుల జాబితాలో ఉన్నది మన గుడ్డెలుగు.

ప్ర: డిగ్రీ చదువుతున్నాను. వేట ఆపితే ఎలుగులు పెరిగి ఇళ్ల మీద పడతాయని ఒక వాదన చదివాను. అది అబద్ధమా?
— నాగర్‌కర్నూల్

జ: పూర్తి అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. కెనడాలోని ఒంటారియోలో పరిశోధకులు ఏళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, గొడవలు పెరిగింది అడవిలో కాయా పండూ కాయని ఏళ్లలో. ఎన్ని ఎలుగుల్ని చంపారన్నదానికీ గొడవలకూ పొంతన కుదరలేదు. అదే న్యూజెర్సీ మీద 2017లో వచ్చిన అధ్యయనం మాత్రం వేటనూ, తుంటరి ఎలుగుల మీద చర్యలనూ కలిపి చేస్తే గొడవలు తగ్గాయంది. వేటను వ్యతిరేకించేవాళ్లు ఈ రెండోది దాచిపెట్టి సభకు పోతే అవతలివాళ్లు జేబులోంచి అదే తీస్తారు. మీరే ముందు ప్రస్తావించి "ఆ రెండింట్లో దేనివల్ల తగ్గిందో విడదీసి చూపండి" అని అడగడం మేలు.

అసలు ఎలుగు ఇంటికి ఎందుకొస్తుంది? శీతాకాలం నిద్రకు ముందు ఒళ్లు చేయడానికి అది రోజుకు 20 వేల కేలరీల దాకా తింటుంది. అడవిలో పండ్లు ఏరుకుంటే పొద్దంతా పడుతుంది. పెరట్లో పిట్టలకు వేలాడదీసిన డబ్బాలో కిలో పొద్దుతిరుగుడు గింజలుంటే వేల కేలరీలు, ఐదు నిమిషాల పని. చెత్త డబ్బాను రేపు బండి వస్తుందనగా ఈ రాత్రే బయట పెడితే అదొక విందు. బండి వచ్చే రోజు పొద్దున్నే పెట్టాలి, గింజల డబ్బా మార్చి నుంచి నవంబర్ దాకా తీసేయాలి. ఎలుగు తెరవలేని చెత్త డబ్బాలు కూడా దొరుకుతాయి. వాటిని మోంటానాలోని ఒక కేంద్రంలో పెంపుడు గ్రిజ్లీ ఎలుగుల ముందు పడేసి, 60 నిమిషాలు పీకి, కొరికి, దొర్లించినా తెరుచుకోకపోతేనే ముద్ర వేస్తారు. వేట వద్దు అన్న అర్జీ కిందే "మా టౌన్‌షిప్‌లో ఈ డబ్బాలు తప్పనిసరి చేయండి" అని రాస్తే ఆ అర్జీకి బరువొస్తుంది. వద్దు అని మాత్రమే రాసినదాన్ని పక్కన పెట్టడం అధికారికి తేలిక.

ప్ర: సంతకాలు పెట్టి, ఉత్తరాలు రాసి ఎక్కడన్న వేట ఆగిందా? లేక ఇదంతా మనసు తృప్తికా?
— కోదాడ

జ: ఆగిన చోట్లున్నాయి, ఓడిన చోట్లూ ఉన్నాయి. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో జనం సంతకాలు సేకరిస్తే ప్రశ్నను నేరుగా ఎన్నికల బ్యాలెట్ మీద పెట్టొచ్చు. 1992లో కొలరాడో ఓటర్లు వసంతకాలపు ఎలుగుల వేటను, ఎర పెట్టి చంపడాన్ని, కుక్కలతో తరమడాన్ని రద్దు చేశారు. గమనించండి, వాళ్లు మొత్తం వేటను ఆపమని అడగలేదు. వసంతంలో తల్లి పోతే గుహలోంచి అప్పుడే బయటపడ్డ పిల్లలు బతకవు. ఎర దగ్గర కాచుకుని కాల్చడం వేటగాళ్లలోనే చాలామందికి నచ్చదు. అవతలి పక్షం చీలే చోట గీత గీశారు. ఇంచుమించు ఇదే ప్రశ్న మెయిన్ రాష్ట్రంలో 2004లో ఓడింది, 2014లో మళ్లీ ఓడింది. పల్లెల్లో వేటగాళ్లకు గైడ్లుగా బతికేవాళ్ల జీవనోపాధికి ప్రచారం దగ్గర సరైన సమాధానం లేదు.

ఫ్లోరిడాది ఇంకో రకం. 2015లో వేట తెరిస్తే రెండు రోజుల్లోనే 304 ఎలుగులు పోయాయి, సగానికి పైగా ఆడవి. వారం నడవాల్సింది అక్కడే ఆపేశారు. మరుసటి ఏడాది వేట వద్దని ఆ రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ 4-3 ఓట్లతో తీర్మానించింది. ఆ ఒక్క ఓటు వెనక ఏడాది పొడుగునా ప్రతి సమావేశానికీ వచ్చి రెండు మూడు నిమిషాలు మాట్లాడి పోయిన జనం ఉన్నారు. 2025 డిసెంబర్‌లో వేట మళ్లీ వచ్చింది. 172 అనుమతులు, ఒక్కోదానికి ఒక ఎలుగు, లాటరీ దరఖాస్తుకు 5 డాలర్లు. వేట ఇష్టం లేనివాళ్లు కూడా వేలకొద్దీ దరఖాస్తులు వేశారు, గెలిచిన అనుమతిని వాడకుండా బీరువాలో పెట్టడానికి. మొత్తం దరఖాస్తులు 1,60,000 దాటాయి. కొందరికి నిజంగానే తగిలాయి, ఆ మేరకు ఎలుగులు బతికాయి. కానీ 8 లక్షల డాలర్ల పైచిలుకు లాటరీ సొమ్ము పోయింది ఏ శాఖకంటే, వేట పెట్టిన శాఖకే. మా లెక్కలో అది ఒక్క ఏటి ఉపాయం.

బ్రిటన్‌లో రాజుగారి కాపలా సైనికుల ఎత్తు టోపీలు కెనడా నల్ల ఎలుగు తోలువి. అక్కడ లక్ష సంతకాలు దాటిన పిటిషన్‌ను పార్లమెంటు చర్చకు తీసుకోవడం ఆనవాయితీ. ఈ టోపీల మీద 2022 జులైలో చర్చ జరిగింది కూడా. టోపీలు ఇంకా తోలువే. సంతకం చర్చ దాకా తీసుకుపోతుంది, ఆ తర్వాత నడవాల్సింది మనమే.

మన దగ్గరిదే చూడండి. 2019 మేలో నల్లమలలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఊళ్లలో బంద్‌లు, చెంచు పెంటల (గూడేల) నుంచి నిరసనలు, హైదరాబాద్‌లో ప్రచారం కలిసొచ్చాయి. సెప్టెంబర్‌లో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. నాలుగు నెలలు. అందరూ అడిగింది ఒకటే, అడిగింది కూడా తీర్మానం చేయగలిగినవాళ్లనే.

ప్ర: మా తాత సంస్థానం రోజుల్లో వేటాడిన ఎలుగు తోలు, తల మా అటక మీద ఉన్నాయి. మంచి ధర ఇస్తానని ఒకాయన ఫోన్ చేస్తున్నాడు. అమ్మొచ్చా?
— వనపర్తి

జ: వద్దు. ఆ ఫోన్ మళ్లీ ఎత్తకండి. ఎండబెట్టిన తోలు, తల, కొమ్ము, గోరు అన్నీ చట్టంలో ట్రోఫీలే. కాగితం ఉన్నా సరే అమ్మడం నేరం. ఇంట్లో ఉంచుకోవడానికే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చిన యాజమాన్య ధ్రువపత్రం కావాలి. పాత వస్తువులు చెప్పుకోని వాళ్లకు 2003లో 180 రోజుల గడువిచ్చారు, అది ఎప్పుడో ముగిసింది. తాత పేరు మీద ధ్రువపత్రం ఉంటే, వారసత్వంగా వచ్చిన 90 రోజుల్లో మీ పేరుతో ప్రకటన ఇవ్వాలి. ఉంచుకోవడం ఇష్టం లేకపోతే 7 పనిదినాల నోటీసిచ్చి వార్డెన్‌కు అప్పగించొచ్చు. పరిహారం రాదు, తలనొప్పి పోతుంది. 2022 సవరణలో వచ్చిన వెసులుబాటు ఇది.

కాగితమే లేదంటారా? ముందు వకీలును కలిసి, ఆ తర్వాత మీరే రాతపూర్వకంగా తెలియజేయండి. భయపడి పెరట్లో కాల్చేస్తే సాక్ష్యం నాశనం చేసినట్టవుతుంది. ఇంకొకటి: ఆ కాలంలో తోళ్లకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పూసేవాళ్లు. దుమ్ము దులపకండి. దించాల్సి వస్తే చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు, పిల్లల్ని దూరంగా ఉంచడం.

ప్ర: ఎండకాలం మా శివారుల ఎలుగు చచ్చిపడ్డది. అడవిపందులకు పెట్టిన కరెంటు తీగకు పోయిందని ఊరందరికి తెలుసు. సహజ మరణమని రాసుకొని పోయిండ్రు. ఇప్పుడు చేసేదేమన్న ఉన్నదా? మళ్లొకసారి అయితే ఏం చేయాలె?
— అచ్చంపేట దగ్గరి ఊరు

జ: అయిపోయినదాని మీద సమాచార హక్కు దరఖాస్తు వేయండి. డీఎఫ్‌వో (జిల్లా అటవీ అధికారి) కార్యాలయానికి 10 రూపాయల ఫీజు, జవాబుకు 30 రోజులు. "ఎందుకు కేసు పెట్టలేదు?" అని రాస్తే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. ఇట్లా రాయండి: "2021 ఏప్రిల్ 1 నుంచి నేటి వరకు మీ డివిజన్‌లో చనిపోయిన ఎలుగుబంట్ల జాబితా: తేదీ, బీటు పేరు, నమోదైన కారణం, పోస్ట్‌మార్టం నివేదిక నకలు, పీఓఆర్ నంబరు." పీఓఆర్ అంటే అటవీ నేరం మీద మొదట రాసే రిపోర్టు. దర్యాప్తులో ఉందని నకళ్లు ఆపినా, జాబితా ఆపడానికి సాకు దొరకదు. 30 రోజుల్లో రాకపోతే ఆపై 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. చాలామంది ఇక్కడే గడువు దాటించి పోగొట్టుకుంటారు. జాబితాలో ఎండాకాలమంతా, పొలాల అంచున, వరసగా "సహజ మరణం" అని కనబడితే ఆ కాగితమే మీ చేతిలో ఆయుధం. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. అప్పటికీ కదలిక లేకపోతే, 60 రోజుల నోటీసిచ్చి ఎవరైనా నేరుగా కోర్టులో ఫిర్యాదు చేసే వీలు వన్యప్రాణి చట్టం 55వ సెక్షన్‌లో ఉంది.

ఇక మళ్లీ జరిగితే. మొదట తీగ జోలికి పోకండి. ఎలుగును చూడబోయిన మనిషి కూడా పోతాడు. లైన్‌మన్‌కు ఫోన్ చేసి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు ఆపే ఏబీ స్విచ్ దింపించండి. ఆ తర్వాత దూరం నుంచే ఫొటోలు: మొత్తం శవం, నాలుగు పాదాలు, మూతి, చుట్టుపక్కల పాతిన గుంజలు. కరెంటు తగిలితే పాదంలోనో మూతి దగ్గరో చిన్న కాలిన మచ్చ ఉంటుంది, దాని చుట్టూ వెంట్రుకలు కమిలి వంకర తిరుగుతాయి. బండి క్లచ్ వైరు ఉచ్చయితే మెడకో నడుముకో గుండ్రంగా కోసుకుపోయిన గాయం. గోళ్లు లేకపోతే అది వేరే కథ, చచ్చాక ఎవరో వచ్చిపోయారన్నమాట. ఎండలో రెండో రోజుకే ఈ గుర్తులు మాసిపోతాయి, అందుకే గంటలు లెక్క. పశువైద్యుడు పోస్ట్‌మార్టం చేసేటప్పుడు పిత్తాశయం, గోళ్లు ఉన్నాయా లేదా పంచనామాలో రాయమని అడగండి. వాటికి దొంగ మార్కెట్ ఉంది. దహనం పంచుల ముందే జరగాలి.

ఫొటోలు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పెట్టిన గంటకు గుంజలు మాయం. బీట్ ఆఫీసర్‌కు చెప్పి, అదే ఫిర్యాదు రేంజ్ ఆఫీసర్‌కూ డీఎఫ్‌వోకూ కాగితం మీద పంపండి. ఒక నకలు కరెంటు శాఖ ఇంజినీరు (ఏఈ)కి, ఎందుకంటే లైను మీద కొక్కెం వేయడం వేరే చట్టం కింద ఇంకో నేరం. మొదటి షెడ్యూలు జంతువును చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. తీగ పెట్టినవాడు మీ పక్క చేను రైతే అయ్యుంటాడు, పంట పోయిన కడుపుమంటతో పెట్టుంటాడు. అందుకే మామూలు రోజుల్లోనే గ్రామసభలో సోలార్ కంచె కోసం తీర్మానం చేయించండి. అది దెబ్బ కొట్టినట్టు క్షణకాలం షాకిచ్చి వదిలేస్తుంది, లైను కరెంటులా పట్టుకోదు.

ప్ర: పిల్లలు రాత్రి జడుసుకుంటే ఎలుగు వెంట్రుక తాయెత్తు కడితే తగ్గుతుందంటారు. సంతలో అమ్ముతున్నారు. కొనొచ్చా?
— కల్వకుర్తి

జ: అమ్మడం నేరం, కొనడమూ నేరమే. సంతలో దొరికేది మేక వెంట్రుకకు మసి పూసింది కూడా కావొచ్చు. నిజమైనదైతే ఒక ఎలుగు చచ్చిందని లెక్క. జడుపుకు పడుకునే ముందు ఫోన్ తీసేసి చూడండి.

ప్ర: మార్చిల ఇప్పపువ్వుకు పోతం. చీకటితోనే పోవాలె, లేకుంటే పువ్వు దొరకదు. ఎలుగు ఎదురైతే ఎట్లా?
— చందంపేట మండలం

జ: దానికీ ఇప్పపువ్వంటే ప్రాణం, అదీ చీకటితోనే వస్తుంది. కాస్త వెలుగు వచ్చాకే, నలుగురైదుగురు కలిసి, మాట్లాడుకుంటూ పోండి. గుడ్డెలుగు చూపు అంతంతమాత్రం, తలొంచి పువ్వు తింటుంటే మనిషి పది అడుగుల్లోకి వచ్చేదాకా గమనించదు. ఉలిక్కిపడి మీద పడే దెబ్బలే ఎక్కువ. కుక్కను వెంట తీసుకుపోకండి, అది ఎలుగును రెచ్చగొట్టి తిరిగి మీ కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. కనబడితే వెనక్కి తిరిగి ఉరకకుండా, మెల్లగా పక్కకు జరిగి దారివ్వండి. చెట్టెక్కి లాభం లేదు, అదీ ఎక్కుతుంది. రాలిన పువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్టు కింద ఆకులకు నిప్పు పెట్టే అలవాటు మానితే పుట్టల్లో చెదలు మిగులుతాయి, దాని మేత దానికి లోపలే దొరుకుతుంది. ఊళ్లోకి వచ్చి చిక్కుకుంటే జనం చుట్టూ మూగకుండా ఒక వైపు ఖాళీ వదిలి, 112కు ఫోన్ చేసి, చీకటి పడేదాకా ఆగండి. దారి దానికి తెలుసు.